గింజ యనుకొన్న పురుగు

నిమ్మ, నారింజ కొమ్మలపై గోధుమరంగు బొడిపెలవలె అంటియుండు వానిని జూచి చెట్టుకు తెగులు పట్టినదనుకొందుము. అవి పురుగులు. ఆడపురుగు తొండము గ్రుచ్చి, ఇంచుమించు కదలకయే రసము పీల్చుచుండును. వీపుచర్మమే దానికి కప్పు. ఊడివచ్చు పెంకు లేదు గనుక మెత్తని పొలుసుపురుగనిరి. 1758లో లిన్నేయసు దీనికి 'కాకస్ హెస్పెరిడమ్' అని పేరిడెను. 'కాకస్' అనునది గ్రీకు 'కొక్కోస్' నుండి వచ్చినది. దాని యర్థము గింజ, కాయ.

పురుగునకు గింజపేరేల? మధ్యధరా తీరమున ఒకజాతి ఓక్ పొదలపై దొరకు గుండ్లతో గ్రీకులు, రోమకులు వస్త్రములకు ఎర్రరంగు వేసిరి. ఆ గుండ్లు కాయలని వారి నమ్మకము. నిజమునకవి ఆడపురుగులు, ఈ జాతికి దూరపు బంధువులు. పొరపాటు తెలిసినను పేరు పోలేదు. పైగా మెత్తని పొలుసుపురుగుల కుటుంబమంతకును అదే అంటుకొనెను.

పారసీకమున పురుగును 'కిర్మ్' అందురు. అది మన 'క్రిమి'కి తోబుట్టువు. ఆ మాటయే అరబ్బుల నోట 'కిర్మిజ్' అయి ఆ రంగుపురుగునకు పేరై, ఐరోపా చేరి 'క్రిమ్సన్', 'కార్మైన్' అను రంగుల పేళ్లయ్యెను. శాస్త్రజ్ఞుల పేరున గింజయు, అద్దకపువారి పేరున పురుగును మిగిలినవి!

గ్రీకులను జూచి మనము నవ్వ నక్కరలేదు. లక్కయు నిట్టి పురుగు చేయునదే. అథర్వవేదము లాక్షను గాయము మాన్పు ఓషధిగా స్తుతించినది. 1781లో జేమ్స్ కెర్ అను వైద్యుడు లక్కపురుగును లండను రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించెను. నేడు దాని శాస్త్రనామము 'కెర్రియా లాక్కా': మొదటి మాట ఆయన పేరు, రెండవది మన లాక్ష.