అమ్మితేనే లాభం, కానీ నష్టమో?

2023 ఫిబ్రవరిలో నాన్న నరసరావుపేట నుంచి ఫోన్ చేశారు. "ఏరా, అదానీ షేర్లు పడిపోయినయ్యంట, మన ఎల్ఐసీ డబ్బులకి ఏమన్నా అవుద్దా?" "అమ్మితే కదా నాన్నా నష్టం" అని తెలివిగా చెప్పా. ఆయన వదల్లేదు. "మరి ఆ లెక్కన ఇరవయ్యారు వేల కోట్లు లాభంలో ఉన్నామన్నది కూడా లాభం కాదేగా?"

నిజమే. అంతకుముందు జనవరి 30న ఎల్ఐసీ ఇచ్చిన ప్రకటనలో, ఆ గ్రూపు షేర్లు కొన్న ఖరీదు 30,127 కోట్లు, జనవరి 27 నాటి మార్కెట్ విలువ 56,142 కోట్లు అని ఉంది. తేడా అంతా కాగితం మీదే.

మా పల్నాడు రైతుకి ఇది కొత్త కాదు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టుకుని, గుంటూరు యార్డులో రేటు పెరిగిందని మురిసిపోతే సరిపోదు, అమ్మి డబ్బు చేతిలో పడాలి. (మన వెస్ట్ అవని స్టాకులూ అంతే లెండి.) బీమా కంపెనీ పుస్తకాల్లోనూ, లిస్టయిన షేర్ల ధర పెరిగితే ఆ తేడా 'ఫెయిర్ వాల్యూ ఛేంజ్ అకౌంట్'లో కూర్చుంటుంది. అమ్మేదాకా అందులోంచి బోనస్ పంచకూడదు. నష్టానికి మాత్రం ఇంకో రూలుంది: విలువ మళ్ళీ కోలుకోదు అనిపిస్తే, అమ్మకపోయినా నష్టం రాయాల్సిందే.

దీని వెనక పాత కథ ఉంది. మా తాతయ్య 1951లో తీసుకున్న పాలసీ ఆంధ్రా ఇన్సూరెన్స్ వాళ్ళది. పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టాక, 1925లో పెట్టిన కంపెనీ అది. 1956 సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టినప్పుడు 245 సంస్థల జీవిత బీమా వ్యాపారం అందులో కలిసిపోయింది. తాతయ్య కట్టే ప్రీమియం కూడా ఆ పెద్ద కుండలోకే వెళ్ళింది.

ఏడాది తిరక్కుండానే, 1957 జూన్‌లో, ఆ కుండలోంచి 1.24 కోట్లు తీసి కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకి చెందిన ఆరు కంపెనీల షేర్లు కొన్నారు. జెస్సప్, రిచర్డ్‌సన్ క్రూడాస్ వాటిలో ఉన్నాయి. ఇన్వెస్ట్‌మెంట్ కమిటీని అడగనేలేదు! కొన్నిటికి మార్కెట్ కంటే ఎక్కువ ధర కట్టారు. అంటే నష్టం అమ్మినప్పుడు కాదు, కొన్న రోజే ఖాయమైందన్నమాట. డిసెంబరులో లోక్‌సభలో దీన్ని బయటపెట్టింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ ఎంపీ, సాక్షాత్తూ నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లా బహిరంగ విచారణ జరిపి 24 రోజుల్లో తేల్చేశారు. (మన కమిషన్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.) 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

నన్నడిగితే, "అమ్మలేదు కాబట్టి నష్టం లేదు" అనేది సగం జవాబే. ఎవరి ప్రయోజనం కోసం, ఏ ధరకి కొన్నారన్నదే అసలు ప్రశ్న. అదానీ షేర్లు ఆ ఫిబ్రవరి చివరికి కొన్న ఖరీదు కంటే కిందకి జారి, తర్వాత మళ్ళీ పైకొచ్చాయి. అది రెండూ ఒకటేనని అనడానికి ఆధారం కాదు, ప్రశ్న అడగొద్దనడానికీ కాదు. ఇదే నాన్నకి చెబితే "నీ లెక్కలు నాకెందుకురా, బోనస్ తగ్గకపోతే చాలు" అన్నారు.

తాతయ్య పాలసీ 1976లో మెచ్యూర్ అయింది. బోనస్‌తో కలిపి వచ్చిన డబ్బు పెట్టి గురజాల దగ్గర చేలో బోరు వేయించారు. నీళ్ళు పడలేదు. ఆ నష్టం మాత్రం ఆ రోజే రియలైజ్ అయింది.