మట్టి వాసన మట్టిది కాదు

రోహిణి కార్తె ఎండలకు నెర్రెలిచ్చిన నేల మీద తొలకరి చినుకు పడగానే గుప్పున ఒక వాసన లేస్తుంది. మనం దాన్ని మట్టి వాసన అంటాం. నిజానికి వాన నీటికి వాసన లేదు. ఉత్త మట్టికీ రాతికీ కూడా లేదు. మరి ఆ వాసన ఎవరిది?

ఈ గుట్టును శాస్త్రవేత్తల కంటే ముందు పట్టుకున్నవాళ్లు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివాళ్లు. కాల్చిన మట్టి బిళ్లల్ని రాగి పాత్రలో వేసి, నీళ్లు పోసి, మూత చుట్టూ తడిమట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్లి గంధపు నూనెలో కలుస్తుంది. అదే మట్టి అత్తరు. అంటే తొలకరిని సీసాలో పట్టేశారన్నమాట!

ఆస్ట్రేలియా పరిశోధకులు ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ కూడా దాదాపు ఇదే పని చేశారు. ఎండిన రాళ్లనూ బంకమట్టినీ ఆవిరి పట్టి, పసుపుపచ్చని నూనెను రాబట్టారు. కన్నౌజ్ అత్తరు సంగతి వాళ్లకు తెలుసు. 1964లో ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి. ఇకోర్ అంటే ఆ దేశపు పురాణాల్లో దేవతల ఒంట్లో నెత్తురుకు బదులు పారే ద్రవం. మొక్కల నుంచి వచ్చే నూనెలు ఎండాకాలమంతా నేలలో చేరి, గాలిలో తేమ పెరగగానే బయటపడతాయని వాళ్లు తేల్చారు. ఈ నూనె విత్తనాలు మొలకెత్తడాన్ని ఆలస్యం చేస్తుందని మరుసటి ఏడాది గమనించారు.

ఆ 1965లోనే అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే ఈ కథలోని రెండో పాత్రను బయటికి తెచ్చారు. దాని పేరు జియోస్మిన్, అంటే నేల వాసన. దీన్ని తయారుచేసేది ముఖ్యంగా మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా. లీటరు నీటిలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా మన ముక్కు పసిగట్టేస్తుంది.

నేలలో ఉన్నది గాలిలోకి ఎలా లేస్తుంది? 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో ఆ సంగతీ చూశారు. చినుకు నేలను తాకినప్పుడు దాని కింద చిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి. సోడా బుడగల్లా పైకొచ్చి పగిలి, సన్నని తుంపర చిమ్ముతాయి. వాసన ఆ తుంపరతో వస్తుంది. కుండపోత కంటే చిరుజల్లుకే ఈ తుంపర ఎక్కువ.

మరి బాక్టీరియాకు ఈ వాసనతో పనేమిటి? దానికి జవాబు 2020లో దొరికింది. స్ప్రింగ్‌టెయిల్ అనే రెక్కల్లేని బుల్లి జీవులు జియోస్మిన్ వాసన పట్టి వచ్చి ఈ బాక్టీరియాను తింటాయి. తింటూ దాని బీజాలను ఒంటికి పూసుకుని మరో చోట విడుస్తాయి. తుమ్మెదకు పువ్వు పరిమళం ఎలాగో, వీటికి ఈ వాసన అలాగ.

ఈ బాక్టీరియా మన ప్రాణాలూ నిలిపింది. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఈ కుటుంబం నుంచే వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ 1948లో వెలుగులోకి తెచ్చిన ఆరియోమైసిన్ కూడా ఈ కుటుంబానిదే.

ఇంత చరిత్ర ఉన్న పరిమళమే చెరువు చేపలో చేరితే మాత్రం మనం ముక్కు మూసుకుంటాం. చెరువు నీటిలోని జియోస్మిన్ చేప కొవ్వులో చేరడమే ఆ మట్టి కంపుకు కారణం. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి, వాసన లేని పదార్థంగా మారిపోతుంది. చేప ముక్కలకు నిమ్మరసం పట్టించే మన వంటింటి అలవాటులో ఉన్న కెమిస్ట్రీ ఇదే.