పిడికిలికి తగిన పిడి

ఆయుధముల చరిత్ర చెప్పువారు సాధారణముగా కత్తి వాడిని గూర్చియు, తుపాకి గొట్టము పొడవును గూర్చియు, తూటా వేగమును గూర్చియు విస్తరింతురు. పిడిని గూర్చి చెప్పుట అరుదు. చెప్పినను దానిపై పొదిగిన దంతమును, వెండిపూవులను వర్ణించి ఊరకుందురు. కాని ఆయుధమునకును మనుష్యునకును పొందిక కుదురు చోటు పిడి యొక్కటియే. పిడి, పిడికిలి, పిడికెడు అను మాటలు పలుకగానే వాని చుట్టరికము చెవికి తెలియుచున్నది. నేటి ప్రసంగమునకు వస్తువు చాల చిన్న ఆయుధము: నడుమున గాని చేతిసంచిలో గాని ఇముడునట్టి తేలికపాటి రివాల్వరు. దానికి ఎట్టి పిడి తగును? ప్రశ్న ఈ కాలమునాటిదే కాని, దానికి ఆధారమైన విచారణ మన దక్షిణదేశములో మిక్కిలి ప్రాతది.

ఆమడగూరు, కదిరి, పెనుగొండ, హిందూపురము గల ఈ ప్రాంతము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనున్నది. ఇది శతాబ్దముల తరబడి ఆయుధము ధరించి తిరిగిన నేల. 1565 నాటి తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజధాని పెనుగొండకు మారినది. ఆ తరువాత బీజాపూరువారు, మరాఠాలు, హైదరలీ, టిప్పు ఒకరి వెనుక ఒకరు వచ్చిరి. నడుమనడుమ పాళెగాండ్రు ఉండనేయుండిరి. 1800 లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చటనుండి, దత్తమండలములలోని సుమారు 80 మంది పాళెగాండ్ర బలమును అణచెను. ఆమడగూరు పేరులో ఆమడ వినబడుచున్నను, నేను చెప్పబోవు ఆయుధములకు ఆమడ దూరముతో పనిలేదు. అవన్నియు మూరెడు మొదలుకొని పదిగజముల లోపల పనిచేయునవి. అంత దగ్గర పనిలో కంటికన్న చేయి ముఖ్యము.

మన పూర్వులు దగ్గర పనికై కల్పించిన ఆయుధము కఠారి. విజయనగర కాలమున దక్షిణదేశములో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. తంజావూరు ఆయుధశాలనుండి వచ్చిన కఠారులు చెన్నపట్టణపు మ్యూజియములో నేటికిని చూడవచ్చును. మామూలు బాకునకు పిడి కత్తితోపాటు నిలువుగా నుండును. కఠారికి అట్లు కాక రెండు నిలువు పట్టెల నడుమ అడ్డముగా పిడి యుండును. దానిని పట్టి పిడికిలి బిగించినచో కత్తి ముంజేతికి సూటిగా ముందుకు నిలుచును. మణికట్టు ఎటును మెలిపడదు. ముంజేయియు ఆయుధమును ఒకే గీతపై నుండవలెనను ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది. మరియొక సంగతి: ఈ పిడులు చిన్నవి. పెద్ద చేతులవారికి నాలుగు వ్రేళ్లు పట్టక ఇబ్బంది కలుగును. అది పనివాని లోపము కాదు. తన ముందు నిలిచిన మనుష్యుని చేతికి తగినట్లు అతడు చేసెను.

పిడి మహిమను చెప్పుటకు నాకు తెలిసినంతలో దీనికంటె మంచి కథ లేదు. లూయీ నోలన్ అను ఆంగ్ల ఆశ్వికదళాధికారి మద్రాసు రాజధానిలో చాలకాలము పనిచేసెను. 1854 లో క్రిమియా యుద్ధమున బలక్లావాలో మరణించిన నోలన్ ఇతడే. 1853 లో అచ్చయిన తన అశ్వసేనా గ్రంథమున అతడు నిజాము రౌతుల కత్తులను గూర్చి వ్రాసెను. ఒక పోరులో ఆ రౌతుల కత్తులు చేసిన గాయములను విని ఆశ్చర్యపడి, అవి ఏ దేశపు ఉక్కో చూడగోరి విచారించినాడు. చూడగా అవి ఇంగ్లీషు సేనవారు పనికిరావని పారవేసిన ప్రాత కత్తులే! మన రౌతులు వానిని కొని, వాడిగా నూరి, ఇనుప ఒరకు బదులు కొయ్య ఒరలో నుంచి, తమ పద్ధతి పిడి తగిలించుకొనిరి. వాడికి ముఖ్యకారణము కొయ్య ఒరయేనని నోలన్ తలచినను, పిడిని కూడ అతడు విడువక గమనించెను. ఆ పిడి చిన్నదిగా, కొంచెము చదునుగా నుండెననియు, ఇంగ్లీషు పిడివలె గుండ్రముగా లేకపోవుటచే అంచు పక్కకు తిరుగక సూటిగా పడుచుండెననియు అతని అభిప్రాయము.

ఇది మన పల్లెల వడ్రంగికి ఎవరును చెప్పనక్కరలేని విషయము. గొడ్డలి కామను అతడు గుండ్రముగా చెక్కడు, కోలగా చెక్కును. చీకటిలో పట్టుకొన్నను గొడ్డలి అంచు ఎటున్నదో అరచేతికే తెలియును. నిజాము రౌతునకు మరియొక సౌకర్యము కూడ నుండెను. మన దేశపు కత్తిని పిడిలో లక్కతో బిగించెడివారు. వేడిచేసినచో లక్క కరగి పిడి ఊడివచ్చును, మరల బిగించుకొనవచ్చును. కావున ఎవని కత్తికైనను తన చేతి పిడి పెట్టుకొనుట సులభము.

తుపాకి కాలమునకు వత్తము. శ్రీరంగపట్టణములో టిప్పు సుల్తాను చేయించిన జంట పిస్తోళ్లలో ఒకదానికి చెకుముకి యంత్రము కుడివైపునను, రెండవదానికి ఎడమవైపునను ఉండెడిది. చేయి మారినచో ఆయుధమును మారవలెనని ఆ పనివారు గ్రహించిరన్నమాట. 1799 లో ఆ కోట పడిన తరువాత అట్టివి పెక్కు ఇంగ్లండుకు తరలిపోయినవి.

రివాల్వరునకు పేరు తెచ్చిన శామ్యూల్ కోల్టు 1836 లో అమెరికాలో పేటెంటు పొందెను. అతని కంపెనీ 1873 లో వెలువరించిన సుప్రసిద్ధమైన రివాల్వరు పిడికి అచ్చటివారు పెట్టిన పేరు వినుడు: నాగలి మేడి! మేడివలెనే అది వంపు తిరిగి నున్నగా నుండును. తూటా పేలినప్పుడు తుపాకి వెనుకకు తన్నును గదా. ఈ పిడి ఆ తన్నును ఎదిరింపక, అరచేతిలో పైకి దొర్లును. దొర్లగా సుత్తి బొటనవ్రేలి క్రిందికి వచ్చును. దానిని మరల వెనుకకు లాగుట సులువు. ప్రతి తూటాకును సుత్తిని వ్రేలితో లాగవలసిన తుపాకికి ఇంతకంటె తగిన పిడి లేదు. ఇంగ్లండులో 1851 లో వచ్చిన ఆడమ్సు రివాల్వరు పద్ధతి వేరు. అందు మీట నొక్కినచో సుత్తి తానే లేచి తానే పడును. అట్టి దానికి దొర్లుట దోషము. దొర్లిన ప్రతిసారియు పట్టు సవరించుకొనవలసి వచ్చును. కావున పిడి పైభాగమున చేయి జారకుండ ఒక మూపువంటి ఎత్తు పెట్టిరి. తరువాత మన దేశమున పోలీసు, సైనికాధికారుల నడుమున వ్రేలాడిన వెబ్లీ రివాల్వర్లలోను ఆ ఎత్తు కనబడును. పని మారగా పిడి మారినది.

ఇరువదవ శతాబ్దము నడుమ బరువు తగ్గించు ఆరాటము బయలుదేరినది. 1950 లో కోల్టు వారు అల్యూమినియపు చట్రముతో కోబ్రా అను చిన్న రివాల్వరును తెచ్చిరి. స్మిత్ అండ్ వెస్సన్ వారు కొలది కాలములోనే ఆ దారి పట్టిరి. ధరించువానికి సుఖమే. కాని ప్రకృతి తన లెక్క విడువదు. తూటా ఒక్కటే అయినప్పుడు కిలో బరువుగల తుపాకికన్న అరకిలో తుపాకి రెండింతల వేగముతో వెనుకకు తన్నును; ఆ తన్నులోని శక్తియు రెండింతలగును. నడుమునకు తప్పిన బరువు అరచేతికి దెబ్బగా తిరిగివచ్చునన్నమాట. ఆ దెబ్బకు అడ్డముగా నున్నది పిడి యొక్కటే.

మరి దానిని ఎట్లు ఎన్నుకొనవలెను? మొదట చేతిని కొలువవలెను, తుపాకిని కాదు. గొట్టము ముంజేతికి సూటిగా నుండునట్లు పట్టుకొన్నప్పుడు చూపుడువ్రేలు మీటపై సుఖముగా ఆనవలెను. మన కఠారి సూత్రమే ఇది. పిడి లావైనచో చిన్నచేతివారు వ్రేలు అందక తుపాకిని పక్కకు త్రిప్పి పట్టుకొందురు. అప్పుడు తన్ను బొటనవ్రేలి కీలుకు తగులును. మరీ సన్ననైనచో పట్టు నిలువదు. మీటకు కావలిగా నున్న కమ్మి వెనుక చిన్న సందు ఉండును. పేలిన ప్రతిసారి ఆ కమ్మి నడిమివ్రేలి కణుపును మొట్టును. ఆ సందును పూడ్చుటకు చిన్న దిమ్మనొకదానిని అమ్ముదురు. ఖరీదు స్వల్పము, మేలు అధికము.

ఇక పొడవు విషయమున వివాదము తెగదు. రెండు వ్రేళ్లకు మాత్రమే చాలు పొట్టి పిడి బట్టలలో దాగును; చిటికెనవ్రేలికి ఆధారముండదు. దాగుటకు అడ్డువచ్చునది గొట్టము కాదు, పిడియే. రబ్బరు పిడి దెబ్బను మెత్తబరచి, చెమట పట్టినను జారదు. కాని చొక్కా అంచును పట్టుకొని విడువదు. నున్నని కొయ్య గుడ్డనుండి జారివచ్చును, తడిచేతినుండియు జారును. లోతుగా గీతలు చెక్కిన కొయ్య పట్టునిచ్చును గాని తేలిక తుపాకిపై అరచేతిని గీరును. నన్నడిగినచో, మూడు వ్రేళ్లు నిండుగా పట్టు పిడి మేలందును. దాచుటలో కొంత కష్టపడవచ్చును. పట్టు లేని తుపాకి ఎంత చక్కగా దాగిన నేమి?

ఈ మాట ఊరక అనుట లేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరము పిమ్మట, 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము స్త్రీల కొరకని 'నిర్భీక్' అను రివాల్వరును విడుదల చేసెను. టైటానియము మిశ్రలోహము; .32 తూటా, బరువు సుమారు 500 గ్రాములు, ధర లక్షా ఇరువదివేల రూపాయలకు పైమాట. దానిని నగలపెట్టెవంటి ముదురెరుపు పెట్టెలో నుంచి ఇచ్చిరి. వార్తలలో ముందుగా వినబడినవి ఆ బరువు, ఆ ధర, ఆ పెట్టె. లైసెన్సు పొంది అంత సొమ్ము పెట్టగల స్త్రీలు మన దేశమున ఎందరని పలువురు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే. దాని ప్రక్కన నేను ఇంకొకటి చేర్చుదును. ఆ పిడి ఎవరి పిడికిలికి చెక్కిరి? మన పల్లెలో కంది కోయ బోవు ఆడమనిషి ముందుగా కొడవలి పిడి పట్టి చూచుకొనును. తనకు లావైనచో చెక్కించుకొనును, లేదా ఇంకొక కొడవలి అడుగును. లక్షరూపాయల వస్తువును పెట్టె రంగు చూచి కొనుట ఆమెకు నవ్వు పుట్టించును.

అదృష్టవశమున రివాల్వరు పిడిని మార్చుటకు లక్క కరగింప పనిలేదు. మామూలుగా ఇరుప్రక్కల రెండు చెక్కలు, వాని నడుమ ఒక్క మరమేకు. తూటాలు తీసివేసి ఆ మరను విప్పినచో చెక్కలు రెండును ఊడివచ్చును. వానిని కొలతగా నుంచుకొని మంచి వడ్రంగి ఇరుగుడు కొయ్యతో క్రొత్తవి చెక్కి, పట్టి చూచి, ఎక్కువైన చోట మరల గీసి ఇయ్యగలడు.