డిస్కు ఖాళీ అయినా దారి తెలిసిన కంప్యూటరు

"ఓఎస్ ఎగిరిపోయింది, ఫార్మాట్ కొట్టించాలి." కంప్యూటరున్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాట ఇది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట ఈ మాట అనుకున్నాక సీపీయూని బండి మీద పెట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఊళ్లో ఉన్న కంప్యూటర్ షాపుకో బయల్దేరాల్సిందే. షాపులో కుర్రాడు సీడీల పౌచ్ తెరిచి, అందులోంచి ఒకటి తీసి డ్రైవ్‌లో పెడితే గంట, రెండు గంటలకు డెస్క్‌టాప్ మళ్లీ కనిపించేది. అంతకుముందైతే ఫ్లాపీలు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95ను ఫ్లాపీల మీద కొన్నవాళ్లకు 13 ఫ్లాపీలు చేతికొచ్చేవి. వాటిలో ఒక్కటి పాడైనా పని ఆగిపోయినట్టే.

ఇవాళ అదే పనికి సీడీ అక్కర్లేదు, షాపు అక్కర్లేదు. హార్డ్ డిస్కులో ఒక్క ఫైలు మిగలకపోయినా కొన్ని కంప్యూటర్లు వైఫై పట్టుకుని, తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తామే తెచ్చుకుని, తిరిగి వేసుకోగలవు. ఆలోచిస్తే ఇది మామూలు విషయం కాదు. ఇంటర్నెట్‌లోకి వెళ్లాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటర్నెట్‌లో ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టుగా ఉంటుంది వ్యవహారం. ఈ చిక్కు విప్పడానికి, ఏమీ తెలియని యంత్రానికి ఇంజనీర్లు రెండు విషయాలు నేర్పాల్సి వచ్చింది. ఒకటి, ఎవరిని అడగాలి. రెండు, వచ్చిన జవాబును ఎలా నమ్మాలి. మొదటిది 1980ల్లోనే తేలింది. రెండోది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

అడగడం నేర్చిన యంత్రం

1980ల మొదట్లో హార్డ్ డిస్కు చాలా ఖరీదైన వస్తువు. అందుకే విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనశాలల్లో డిస్కు లేని వర్క్‌స్టేషన్లు పెట్టి, అన్నిటినీ ఒక సర్వర్‌కు కలిపేవాళ్లు. అలాంటి యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు దానికి తన నెట్‌వర్క్ కార్డులో నమోదై ఉన్న నంబరు ఒక్కటే తెలుసు. తన ఐపీ చిరునామా తెలియదు, సర్వర్ ఎక్కడుందో తెలియదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌లోని జాన్ గిల్మోర్ కలిసి 1985 సెప్టెంబరులో బూట్‌పీ అనే పద్ధతిని ప్రకటించారు. ఎవరిని అడగాలో తెలియనప్పుడు అందరినీ అడగడమే దాని ఉపాయం. యంత్రం తన నంబరు చెబుతూ 300 బైట్ల చిన్న సందేశాన్ని నెట్‌వర్క్ మొత్తానికి చాటుతుంది. సర్వర్ తన పట్టికలో ఆ నంబరు వెతికి, "నీ చిరునామా ఇది, నువ్వు తెచ్చుకోవాల్సిన ఫైలు పేరు ఇది, అది ఫలానా చోట ఉంది" అని జవాబిస్తుంది. మన ఇంట్లో వైఫై రూటర్ ఫోన్‌కు చిరునామా ఇస్తోందంటే అదీ ఈ ఉపాయం పుణ్యమే. రూటర్ అందుకు వాడే, 1993లో వచ్చిన డీహెచ్‌సీపీ పద్ధతిని బూట్‌పీ సందేశం మీదే కట్టారు.

చిరునామా దొరికాక ఫైలు తెచ్చే పని టీఎఫ్‌టీపీ అనే పద్ధతిది. చెరిగిపోని రోమ్ చిప్పులో పట్టేంత చిన్నదిగా దాన్ని తీర్చిదిద్దారు. ఒక ముక్కలో 512 బైట్లు వస్తాయి. "అందింది" అని జవాబు పంపితే తర్వాతి ముక్క వస్తుంది. యూజర్ నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. సర్వర్ పక్క గదిలో ఉన్నప్పుడు అది లోపంగా కనిపించలేదు. ఎవరు జవాబిస్తే వారినే నమ్మడం ఒక ప్రయోగశాలలో సరిపోయింది.

1999లో ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ 2.1 ప్రమాణాన్ని విడుదల చేసింది. దాంతో ఈ విద్య మామూలు పీసీల నెట్‌వర్క్ కార్డుల్లోకీ వచ్చింది. ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్ అడ్మిన్లు ఒక సర్వర్ నుంచి వందల కంప్యూటర్లకు ఓఎస్ వేయడం దీని మీదే నడిచింది. ఆపిల్ కూడా అదే ఏడాది నెట్‌బూట్ పేరుతో ఇలాంటిదే తెచ్చింది. ఇదంతా ఒక కాంపౌండు గోడ లోపలి కథ. గోడ దాటి ఇంటర్నెట్ మీద ఇదే పని చేయాలంటే రెండో ప్రశ్న అడ్డొచ్చింది. దారి మధ్యలో ఎవరైనా ఫైలు మార్చేసి పంపితే?

సీడీ డ్రైవ్ పోయిన రోజు

ఈ ప్రశ్న ఇక తప్పించుకోలేనిదిగా మారడానికి కారణం ఒక పల్చటి ల్యాప్‌టాప్. 2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశారు. అందులో డీవీడీ డ్రైవ్ లేదు. ఓఎస్ పోతే ఎలా? విడిగా డ్రైవ్ కొనుక్కోకపోతే, ఇంకో కంప్యూటర్‌లో డీవీడీ పెట్టి, దాన్ని నెట్‌వర్క్ మీదుగా వాడుకోవాలి. అంటే ఒక కంప్యూటర్ బాగుపడాలంటే రెండోది ఉండాలి. 2010లో వచ్చిన కొత్త ఎయిర్‌తో చిన్న యూఎస్‌బీ డ్రైవ్ ఇచ్చారు. అదీ పోగొట్టుకోదగ్గ వస్తువే.

2011 జులై 20న ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్ ఎక్స్ లయన్ విడుదలైంది. సుమారు 4 జీబీ ఉన్న ఆ సిస్టమ్‌ను 29.99 డాలర్లకు యాప్ స్టోర్‌లోనే అమ్మారు, డిస్కు లేదు. హార్డ్ డిస్కులో దాదాపు 650 ఎంబీ చోటును విడిగా దాచి, అందులో రికవరీ పనిముట్లు పెట్టారు. మరి ఆ డిస్కే చెడిపోతే? అదే రోజు వచ్చిన కొత్త మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్ మినీలలో దానికి జవాబు ఉంది. ఇంటర్నెట్ రికవరీని మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనే పెట్టారు. అంతకు కొద్దిగా ముందు వచ్చిన కొన్ని మోడళ్లకు తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో దాన్ని అందించారు.

ఆ పని ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఇంటెల్ చిప్పున్న మ్యాక్‌ను ఆన్ చేస్తూనే కమాండ్, ఆప్షన్, ఆర్ కీలు కలిపి నొక్కి పట్టుకోవాలి. తెర మీద గుండ్రంగా తిరిగే భూగోళం బొమ్మ వస్తుంది. వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇస్తే, ఆ కంప్యూటర్ ఏ మోడలో ఫర్మ్‌వేర్ ఆపిల్ సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ ఆ మోడల్‌కు సరిపోయే చిన్న రికవరీ సిస్టమ్ ఫైలునూ, దానితో పాటు ఒక జాబితానూ పంపిస్తుంది. పెద్ద ఫైలును ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ లెక్కగట్టిన గణిత ముద్ర ఆ జాబితాలో ఉంటుంది. ముక్కలో ఒక్క బిట్ మారినా ముద్ర సరిపోదు. జాబితా కింద ఆపిల్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని సరిచూసే తాళంచెవి ఫ్యాక్టరీ నుంచే ఫర్మ్‌వేర్‌లో ఉంది.

రెండో ప్రశ్నకు దొరికిన జవాబు ఇదే. ఫైలు ఏ దారిన వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది పక్కనపెట్టి, సంతకం సరిపోతేనే యంత్రం దాన్ని నడుపుతుంది. అప్పుడు డిస్క్ యుటిలిటీ, ఇన్‌స్టాలర్ ఉన్న చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మిగతా జీబీలన్నీ ఆ తర్వాత దిగుతాయి.

మన దగ్గరికి వచ్చేసరికి

ఈ ఏర్పాటు నెట్ కనెక్షన్ బాగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. 2011లో మన దేశంలో ఆ నమ్మకానికి ఆధారం తక్కువ. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో 4 జీబీ దిగాలంటే సుమారు 35 గంటలు, అదీ మధ్యలో కరెంటు పోకపోతే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రూటర్ దానంతటదే చిరునామా ఇచ్చే నెట్‌వర్కుల్లోనే ఇంటర్నెట్ రికవరీ పనిచేస్తుంది. కంప్యూటర్ నుంచి యూజర్ నేమ్ కొట్టి డయల్ చేసే కనెక్షన్‌తోనూ, బ్రౌజర్ తెరిచి పోర్టల్‌లో లాగిన్ అయితే తప్ప నెట్ రాని కనెక్షన్‌తోనూ అది ముందుకు కదలదు. ఫర్మ్‌వేర్‌లో బ్రౌజర్ ఎక్కడిది? హైదరాబాద్‌లో కేబుల్ ఇంటర్నెట్ వాడినవాళ్లకు ఆ లాగిన్ పేజీ బాగా గుర్తుంటుంది. బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లు ఆపిల్ స్టోరుకు వచ్చి లయన్ దింపుకోవచ్చని ఆ సంస్థ చెప్పింది. కానీ మన దేశంలో ఆపిల్ సొంత స్టోరు ముంబైలో తెరుచుకున్నది 2023 ఏప్రిల్‌లో. 2011 ఆగస్టులో లయన్‌ను యూఎస్‌బీ డ్రైవ్ మీద 69 డాలర్లకు అమ్మకానికి పెట్టారంటే, అందరికీ నెట్ దారి సరిపోదని ఆ సంస్థకూ అర్థమైందనే అనుకోవాలి.

విండోస్ ఈ దారిలోకి నెమ్మదిగా వచ్చింది. 2012లో విండోస్ 8తో "రీసెట్" వచ్చింది కానీ, అది కంప్యూటర్‌లోనే ఉన్న ఫైళ్ల మీద ఆధారపడేది. ఆ ఫైళ్లే చెడిపోతే రీసెట్ కూడా విఫలమయ్యేది. 2020 మే నెలలో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 2004లో "క్లౌడ్ డౌన్‌లోడ్" చేర్చారు. కొత్త ఫైళ్లను మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి దింపుకుని సిస్టమ్‌ను తిరిగి కట్టడం దాని పని.

78 నిమిషాలు నేర్పిన పాఠం

2024 జులై 19. భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఆలోపే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసి కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్‌డేట్‌ను ఆపేశారు సరే, అప్పటికే కూలిన యంత్రాల మాటేమిటి? అవి పూర్తిగా తెరుచుకోవడం లేదు కాబట్టి సరైన అప్‌డేట్ అందుకోలేవు. చాలాచోట్ల ఐటీ సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, డిస్కుకు రక్షణగా ఉన్న బిట్‌లాకర్ తాళానికి 48 అంకెల కీ కొట్టి, చెడ్డ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. 1985లో డిస్కు లేని యంత్రానికి ఎదురైన స్థితే లక్షల కంప్యూటర్లకు ఒక్కసారిగా ఎదురైంది.

ఆ ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీని ప్రకటించింది. 2025లో అది విండోస్ 11 కంప్యూటర్లకు అందడం మొదలైంది. విండోస్ తెరుచుకోకపోతే రికవరీ భాగమే నెట్‌కు కలిసి, మందు ఉందా అని విండోస్ అప్‌డేట్‌ను అడుగుతుంది. ఉంటే తెచ్చి వేసుకుంటుంది. ఓఎస్ మొత్తం మార్చకుండా చెడినంత మేరకే బాగుచేసుకునే దశకు కథ వచ్చింది.

సంతకం ఎవరిది, గడువు ఎంత?

నమ్మకం సంతకంలోకి మారాక కొత్త బెడదలూ వచ్చాయి. సంతకాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్‌కు గడువుంటుంది. 2019 అక్టోబరు 24న అలాంటి ఒకదాని గడువు ముగియడంతో, జనం ముందే దింపి దాచుకున్న మ్యాక్ ఇన్‌స్టాలర్లు "ఈ కాపీ పాడైంది" అని మొరాయించాయి. ఫైలులో చెడిందేమీ లేదు. తేదీ దాటిందంతే. 2020 నవంబరులో ఎం1 చిప్ మ్యాక్‌లు వచ్చినప్పుడు, కొన్న వెంటనే డిస్కు తుడిచి మళ్లీ ఓఎస్ వేయబోయిన కొందరికి పని మధ్యలోనే ఆగిపోయింది. ఆ చిప్పులకు ఆపిల్ సర్వర్ ఒక్కో యంత్రానికీ విడిగా ఆమోదం ఇవ్వాలి. ఆ ఆమోదం దగ్గరే అడ్డుపడింది. ఆపిల్ తర్వాత సరిదిద్దింది.

ఈ ఆవిష్కరణ నాకు ఎంత ఇష్టమో, దాని గురించి నా ఆందోళన కూడా అంతే. మారుమూల ఊళ్లో ఉన్న విద్యార్థి తన ల్యాప్‌టాప్‌ను షాపుకు మోసుకెళ్లకుండా, ఎవరినీ బతిమాలకుండా తానే బాగుచేసుకోగలగడం చిన్న విషయం కాదు. అయితే బీరువాలో సీడీ ఉన్నన్నాళ్లు ఓఎస్ మళ్లీ వేసుకునే శక్తి కొన్నవాళ్ల చేతిలో ఉండేది. ఇప్పుడది కంపెనీ సర్వర్ జవాబివ్వడం మీద ఆధారపడింది. అందుకే నెట్ బాగా ఉన్న రోజునే ఒక పెన్ డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ చేసి పెట్టుకోవాలి. బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి భద్రపరచాలి. పెట్టెలోంచి డిస్కును తీసేసిన కంపెనీలకు కూడా ఒక బాధ్యత ఉంది. ఫోన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ఇప్పుడు కొన్ని సంస్థలు అమ్మేటప్పుడే చెబుతున్నాయి. ఈ కంప్యూటర్‌కు రికవరీ సర్వర్ ఎన్నేళ్లు జవాబిస్తుందో కూడా అలాగే రాతపూర్వకంగా చెప్పాలి. డబ్బిచ్చి కొన్న యంత్రం మళ్లీ లేచి నిలబడే హక్కు, కొన్నవాళ్లకు తెలియకుండా ముగిసిపోకూడదు.