పత్రామ్లం చూపిన జాడ

విటమిను పూత పూసిన నానో రేణువులతో రాచపుండు జాడ పట్టవచ్చునన్న వార్తలు పత్రికలలో తరచు కనబడుతూ ఉంటాయి. చదివినవారికి ఇది నిన్నమొన్న పుట్టిన వింత అనిపిస్తుంది. నిజానికి దీని వెనుక దాదాపు నూరేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రకు నట్టనడుమ ఒక తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు, నిలిచి ఉన్నాడు. కేన్సరు కణానికి ఉన్న ఒక ఆకలిని మనుషులు మొదట ప్రమాదంగా చూశారు, తరువాత దానిమీదనే దెబ్బ కొట్టారు, చివరకు దానినే ఆనవాలుగా మార్చుకున్నారు. ఈ మూడు మెట్ల కథను చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ మొదలయినది మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులను పీడిస్తున్న తీవ్రమైన రక్తహీనతకు కారణం వెతికింది. మార్మైట్ అనే చవకైన ఈస్టు సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులోని గుణకారి ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, దానినుండి కొద్దిపాటి పదార్థం రాబట్టి, లాటిన్‌లో ఆకు అనే అర్థమిచ్చే మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మనం పత్రామ్లం అనుకోవచ్చు. ఆకుకూరలలోనే కాదు, మా ఐరాల ప్రాంతపు చేలలో పండే వేరుశనగలోనూ, అలసందలలోనూ ఈ విటమిను సమృద్ధిగా ఉంటుంది. కణం రెండుగా చీలాలంటే అందులోని డి.ఎన్.ఏ.కు మరొక ప్రతి తయారు కావాలి. ఆ తయారీకి ఈ విటమిను తప్పనిసరి. వేగంగా చీలే కణానికి అవసరం మరింత ఎక్కువ.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుకు ఈ విటమినుతో ఉన్న బంధం కేవలం ప్రయోగశాలది కాదు. ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. సంగ్రహణిని పోలిన ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆయనకూ అదే జబ్బు సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డాడు. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. అక్కడ స్థిరమైన పదవి దక్కక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళాడు. ఆయన నడిపిన బృందం 1945లో పత్రామ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఆ విటమినే మందుగా పనిచేస్తుందని త్వరలోనే తేలింది.

అక్కడినుండి కథ మలుపు తిరిగింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సరు సోకిన పిల్లలకు పత్రామ్లపు రూపాంతరాలను ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా మరింత వేగంగా పెరిగినట్లు కనబడింది. ఆ కణాలు ఈ విటమినుకోసం ఆకలిగొని ఉన్నాయన్న మాట. అయితే విటమినును పోలి ఉండి, దాని పని చేయని నకిలీని అందిస్తే? సుబ్బారావు బృందం అటువంటి అమినాప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. 16 మంది పిల్లలలో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కు తగ్గినదని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతకుముందు ఆ వ్యాధిని అంతమాత్రమైనా వెనక్కు తగ్గించిన రసాయనం లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశాడు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ అనేక కేన్సర్లకూ, కీళ్ళవాతానికీ వాడుకలో ఉన్నది.

ఆకలి ఉన్నదని తెలిసింది గాని, దానినిబట్టి కణాన్ని గుర్తించవచ్చునన్న ఊహ బలపడడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. అండాశయ కేన్సరు మొదలైన కొన్నింటిలో కణాల పైపొరమీద పత్రామ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు సాధారణ కణాలమీద కంటె చాలా ఎక్కువగా ఉంటాయి. 1991లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ లీమన్, ఫిలిప్ లో అనేవారు పెద్ద ప్రోటీన్ అణువులకు పత్రామ్లాన్ని తగిలించి చూపారు. విటమినును పట్టుకున్న గ్రాహకం దానితోబాటు వచ్చిన బరువును కూడా కణం లోపలికి లాగుకున్నది. చేపకు ఎరతోబాటు గాలమూ లోపలికి పోయినట్లే.

గాలానికి ఏమి కట్టాలన్నది తరువాతి ప్రశ్న. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. 2005లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బేకర్ బృందం కొద్ది నానోమీటర్ల రేణువులకు పత్రామ్లాన్నీ, వెలుగునిచ్చే రంగునూ, మెథోట్రెక్సేట్‌నూ కలిపి కట్టి, మానవ కేన్సరు కణితులు ఉన్న ఎలుకలకు ఇచ్చింది. విడిగా ఇచ్చిన మందుకంటె అది బాగా పనిచేసింది. ఎరగా కట్టిన విటమినూ, బరువుగా కట్టిన మందూ రెండూ సుబ్బారావు ప్రయోగశాల పరంపరలోనివే కావడం మనం గమనించవలసిన సంగతి.

జీవసంవేదినుల దారి మరొకటి. 1962లో లీలాండ్ క్లార్క్ రక్తంలోని చక్కెరను విద్యుత్తు ద్వారా కొలిచే ఉపాయం చెప్పాడు. మధుమేహం ఉన్నవారు ఇంట్లో వాడుకునే పరికరం దాని సంతానమే. సూత్రం ఇది: ఒక భాగం కావలసినదానిని పట్టుకుంటుంది, మరొకటి ఆ పట్టును కొలవదగిన సంకేతంగా మారుస్తుంది. పట్టుకునే భాగానికి పత్రామ్లం పూస్తే కేన్సరు కణం అంటుకుంటుంది, విద్యుత్తు నడకలో మార్పు కనబడుతుంది. 2009లో అర్కాన్సాస్‌లో వ్లదీమిర్ జరోవ్ బృందం పత్రామ్లం తగిలించిన బంగారు పూత నానో నాళికలనూ, అయస్కాంత రేణువులనూ వాడి, ఎలుకల రక్తంలో తిరిగే కేన్సరు కణాలను లేజరు కాంతి పుట్టించిన ధ్వనితో పసిగట్టింది.

మనుషులదాకా వచ్చినది నానో రేణువు కాదు, అంతకంటె సులువైన అణువు. పత్రామ్లానికి రంగు తగిలించి 2011లో నెదర్లాండ్స్‌లో అండాశయ కేన్సరు శస్త్రచికిత్స సమయంలో మొదటిసారి వాడారు. ఈ కోవకే చెందిన పాఫోలాసియానిన్‌ను అమెరికా ప్రభుత్వం 2021 నవంబరులో అండాశయ కేన్సరుకూ, 2022 డిసెంబరులో ఊపిరితిత్తుల కేన్సరుకూ అనుమతించింది. కంటికి ఆనని కణితి తునకలు ప్రత్యేక కెమేరాలో మెరుస్తాయి. దానికి ముందు రెండురోజులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానమంటారు. కడుపు నిండినవాడు ఎరను కొరకడు కదా!

అయితే ఈ దీపం అన్ని చీకట్లనూ చూపదు. అన్ని కేన్సర్లకూ ఈ గ్రాహకం ఉండదు. మూత్రపిండాలకు అది సహజంగానే ఉంటుంది. రేణువులలో ఎక్కువభాగం కాలేయంలో, ప్లీహంలో చిక్కుకుంటాయి. ఒక్క రక్తపుచుక్కతో ఏ కేన్సరునైనా చెప్పే విటమిను పరీక్ష ఇంకా వైద్యుల చేతికి రాలేదు. అందువలన వార్తలోని ఎలుక ఎక్కడ ఆగింది, మనిషి ఎక్కడ మొదలయ్యాడు అని అడగడం మంచిది.

ఈ ప్రశ్న మా సీమవారికి మరీ ముఖ్యం. ఐరాలవంటి ఊళ్ళవారు పెద్దజబ్బు అనగానే తరతరాలుగా నమ్ముకున్నది 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన రాయవేలూరు ఆసుపత్రిని. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టుల కేన్సరు ఆసుపత్రి కూడా వచ్చింది. ఆసుపత్రి దగ్గరయినా రోగి ఆలస్యంగా వస్తే వైద్యం చేతులు కట్టేసినట్లే. 1998లో ముంబయిలో మొదలైన ఒక పరిశీలనలో, పదోతరగతి చదివిన స్త్రీలకు కొద్దివారాల శిక్షణ ఇచ్చి, పలుచని ఎసెటిక్ ఆమ్లంతో, అంటే వెనిగర్‌లోని పులుపుతో, గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షింపజేశారు. ఆ కేన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. పత్రామ్లపు సంవేదిని ఏనాడైనా మా మండల ఆసుపత్రికి వస్తే అది పోటీపడవలసినది ఈ పులుపునీటితో. అంత చవకగా, అంత ముందుగా చెప్పగలగాలి.

మిల్లు కార్మికురాలికి అందుబాటులో ఉండే మందు వెతుకుతూ లూసీ విల్స్ మొదలుపెట్టిన కథ ఇది. మళ్ళీ అటువంటి స్త్రీ చేతికి ఫలితం చేరిననాడే దీనికి సార్థకత.