హాకెన్ తుపాకీకి బ్రేకు లేదు

అరోరాలో సెప్టెంబరు ఎల్క్ వేటకని ఒక తేలికపాటి మజిల్‌లోడర్ కొన్నాను. మన ఊళ్ళలో నాటు తుపాకీలాగే, గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించే రకం. మొదటి రోజే ఆపరేషన్ అయిన కుడి భుజం మీద తన్నింది. మూతికి మజిల్ బ్రేక్ బిగిద్దామనుకున్నాను. పక్కన చిల్లులుండే చిన్న గొట్టమది. వాయువును పక్కలకి మళ్ళించి ఆ తన్ను తగ్గిస్తుంది.

బిగించేముందు పాతవాళ్ళేం చేశారో చూద్దామనిపించింది. మా పక్కనే ఉన్న డెన్వర్‌కి 1859లో శామ్యూల్ హాకెన్ వచ్చాడు. సెయింట్ లూయిస్‌లో అన్న జేకబ్‌తో కలిసి కొండల వేటగాళ్ళకి రైఫిళ్ళు చేసిన పనివాడు. అరవై దాటిన వయసులో ఇక్కడ దుకాణం పెట్టి, 1861లో తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన రైఫిల్‌కి ఎనిమిది పలకల దళసరి గొట్టం, సుమారు 4.5 కిలోల బరువు. ఆ బరువే తన్నును మింగేది.

పైగా నల్ల తుపాకీమందు కాలితే సగానికి పైగా మిగిలేది వాయువు కాదు, పొగా మసీ. బ్రేకు మళ్ళించడానికి దొరికేది తక్కువ. చిల్లులు మసితో పూడుకుంటాయి. గుండు చుట్టిన గుడ్డ దట్టించేటప్పుడు వాటికి తగులుకుంటుంది. మోత నేరుగా చెవుల్లోకొస్తుంది.

బ్రేకు కొనలేదు. ఆ తుపాకీ మార్చి బరువైనది తీసుకున్నాను, మందు తగ్గించాను. మందు తగ్గితే గుండు దెబ్బ దూరానికి ఆనదు. అందుకే జంతువుకి బాగా దగ్గరగా వెళ్ళగలిగితేనే పేల్చాలి, లేదంటే ఉత్త చేతులతో తిరిగి రావాలి. భుజం బాగానే ఉంది. కొండెక్కేటప్పుడు మాత్రం హాకెన్‌ని తిట్టుకుంటున్నాను.