ఈస్ట్ ముందా, కప్ప ముందా?

1875లో లండన్‌లో అచ్చయిన ఒక ప్రయోగశాల పుస్తకంలో మొదటి పాఠం ఈస్ట్. 1888లో అదే పుస్తకాన్ని సవరించి మళ్ళీ వేశారు. అందులో మొదటి పాఠం కప్ప. జీవశాస్త్రం నేర్చుకోవడానికి వచ్చినవాడికి ముందు ఒంటికణాన్ని చూపించాలా, కళ్ళూ కాళ్ళూ ఉన్న జంతువునా అన్న తగువు పదమూడేళ్ళలో ఒకే పుస్తకం అట్టల మధ్య అటుది ఇటయిందన్న సంగతి తెలిశాక నాకు మరి పుస్తకం వదలబుద్ధి కాలేదు. ఇవాళ ఏ దేశంలోనైనా డిగ్రీ మొదటి ఏడాది కణ, అణు జీవశాస్త్రమంటూ చెప్పే కోర్సుకు మూలాల్లో ఒకటి ఆ పుస్తకమే.

రాసినవాళ్ళు థామస్ హెన్రీ హక్స్‌లీ, ఆయన సహాయకుడు హెన్రీ న్యూవెల్ మార్టిన్. చెట్లదొక శాస్త్రం, జంతువులదొక శాస్త్రం అని విడదీయడం మన సౌకర్యం కోసమే తప్ప బతుకన్నది ఒకటేనని హక్స్‌లీ ఎప్పటినుంచో అంటుండేవాడు. అయితే ఆయన పాఠాలు చెప్పే జెర్మిన్ వీధి భవనంలో పిల్లలు చేత్తో చేసి చూసుకోవడానికి చోటు లేదు. 1872లో సౌత్ కెన్సింగ్టన్‌లో కొత్త భవనం దొరికాక ఆయన కోరిక తీరింది. ముందుగా వచ్చి బల్లల ముందు కూర్చున్నవాళ్ళలో బడిపంతుళ్ళున్నారు. దేశమంతటా సైన్సు చెప్పాలంటే ముందు చెప్పేవాళ్ళ కళ్ళు తెరిపించాలన్నది ఆయన పట్టుదల. ముందు ఉపన్యాసం, ఆ వెంటనే ప్రయోగశాల. చెప్పింది నిజమో కాదో ఎవరికి వారు చూసుకోవాలి.

ఆ ఈస్ట్ పాఠం చదువుతుంటే ఇప్పటికీ చేతులు ఊరుకోవు. రొట్టెలవాళ్ళ ఈస్ట్‌ను లవణాలూ పంచదారా కలిసిన పాశ్చర్ ద్రావణంలో వేసి వెచ్చటి చోట పెట్టాలి. నురగ పొంగగానే ఒక చుక్క తీసి స్లైడు మీద వేసి చూడాలి. గుండ్రటి కణాలు, వాటి పక్కన పిలకల్లాంటి మొగ్గలు, మొగ్గకు మళ్ళీ మొగ్గ కనిపిస్తాయి. బొమ్మ గీయాలి. రంగు అద్ది చూడాలి. కవర్ స్లిప్ మీద నొక్కి కణాన్ని చిట్లిస్తే పైనున్న సంచీ వేరు, లోపలి జీవపదార్థం వేరు అని తెలుస్తుంది. అక్కడితో వదలరు. ఒక దాంట్లో వట్టి నీళ్ళు, ఒక దాంట్లో పంచదార నీళ్ళు, ఒక దాంట్లో పంచదార లేని పాశ్చర్ ద్రావణం పోసి, అన్నింట్లో ఈస్ట్ వేసి, ఎక్కడ పెరిగిందో ఎక్కడ పెరగలేదో పోల్చమంటారు. కణానికి తిండేమిటన్న ప్రశ్నను ఉపన్యాసంతో కాక కొన్ని గాజుపాత్రలతో వేయించడం నాకు మహాగొప్పగా తోస్తుంది.

1888 నాటికి హక్స్‌లీ మనసు మారింది. కొత్తవాళ్ళు కంటికి తెలిసిన జంతువుతో మొదలుపెట్టి తెలియని సూక్ష్మలోకానికి వెళ్ళడమే మేలని అనుభవం నేర్పిందన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. అయినా నా ఓటు ఈస్ట్‌కే. హక్స్‌లీ తరగతిలో 1884లో చేరిన ఒక కుర్రాడు తర్వాత 1893లో సొంతంగా జీవశాస్త్ర పాఠ్యపుస్తకం రాశాడు, ఆపైన కాలయంత్రం కథ రాసి లోకప్రసిద్ధుడయ్యాడు. ఆయనే హెచ్.జి. వెల్స్.

మార్టిన్ 1876లో బాల్టిమోర్ వెళ్ళి, కొత్తగా తెరిచిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాచార్యుడయ్యాడు. అక్కడ చదువుకున్న ఎడ్మండ్ విల్సన్ 1896లో రాసిన కణగ్రంథం ఒక తరానికి దారిదీపమైంది. ఆ తర్వాత చాలాకాలం కణాన్ని చూసేవాళ్ళొక గదిలో, దాని రసాయనాలు కొలిచేవాళ్ళొక గదిలో ఉండిపోయారు.

ఆ గోడ కూలిన చోట్లలో ఒకటి న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్. 1945 వేసవిలో మాక్స్ డెల్‌బ్రుక్ అక్కడ బాక్టీరియాను తినే వైరస్‌ల మీద ఒక చిన్న కోర్సు పెట్టాడు. బాక్టీరియా పొరలో చిన్న చిన్న ఖాళీ మచ్చలు పడితే లెక్కపెట్టడమే అక్కడి అసలు పని. లియో జిలార్డ్, సేమర్ బెంజర్ లాంటి భౌతికశాస్త్రవేత్తలు ఆ మచ్చలు లెక్కపెట్టి జీవశాస్త్రంలోకి వచ్చేశారు. 1965లో జేమ్స్ వాట్సన్ హార్వర్డ్‌లో చెప్పిన పాఠాలు జన్యువు అణుజీవశాస్త్రం మీద పుస్తకమయ్యాయి. 1983లో బ్రూస్ ఆల్బర్ట్స్ బృందం కణం మీద పెద్ద గ్రంథం తెచ్చింది. కప్ప వెనక్కి జరిగింది.

ఈస్ట్ మాత్రం తిరిగొచ్చింది, అదీ దర్జాగా. లీలండ్ హార్ట్‌వెల్ కణవిభజన గుట్టు విప్పడానికి ఈస్ట్‌నే ఎంచుకున్నాడు. మొగ్గ ఎంత పెరిగిందో చూస్తే కణం విభజనలో ఏ మెట్టు దగ్గరుందో తెలిసిపోతుంది. సౌత్ కెన్సింగ్టన్ పంతుళ్ళు పెన్సిలుతో గీసిన ఆ మొగ్గే 2001లో నోబెల్ దాకా వెళ్ళింది. కేంద్రకమున్న జీవుల్లో మొట్టమొదట జన్యుక్రమం మొత్తం చదివింది కూడా ఈస్ట్‌దే, 1996లో.

ఈ ప్రయాణంలో పోయిందేమిటంటే, చూడటం. ఇప్పుడు పిల్లవాడికి మొదటి వారంలోనే రంగురంగుల కణం బొమ్మ, దాని మీద ఇరవై పేర్లు అందుతాయి. మన ఇంటర్ బైపీసీ పిల్లల్లో ఎంతోమంది ల్యాబ్ రికార్డులో గీసే కణం మైక్రోస్కోప్‌లో కనిపించింది కాదు, సీనియర్ రికార్డులోది. కణానికి శక్తి అందించే అణువు ఏటీపీ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు, ఎవరికి వారే దాన్ని కనిపెట్టారన్న ముక్క చాలా తరగతి గదుల్లో వినిపించదు. పేరు తెలియకపోవడం ఒక లోటు. కండరం నుంచి దాన్ని ఎంత జాగ్రత్తగా వేరుచేయవలసి వచ్చిందో తెలియకపోవడం అంతకన్నా పెద్ద లోటు.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. సిలబస్ మీ చేతిలో లేదు, నిజమే. మొదటి గంట మీ చేతిలో ఉంది. బోర్డు మీద పేర్లు రాయకముందే ఉల్లిపాయ పొర, ఒక చుక్క అయోడిన్, కాలేజీలో ఉన్న ఆ ఒక్క మైక్రోస్కోప్ బల్ల మీద పెట్టండి. చూసింది చూసినట్టు గీయమనండి. పేర్లు రేపు చెప్పుకోవచ్చు.